తారీఖు లేని సీసా

ఇది మహాకావ్యానికి ఏమాత్రం తీసిపోని కథ. ఇందులో యాసిడ్ ఉంది, అబద్ధం ఉంది, ఒక ఆడపిల్ల పంతం ఉంది, ఒక టెంపరరీ ఉద్యోగానికి వచ్చిన గండం ఉంది, చివర్లో మెదక్ నుంచి తాడు పట్టుకుని వచ్చిన తండ్రి కూడా ఉన్నాడు. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సామగ్రి. అలాగే రాద్దామని కూర్చున్నాను. తీరా కాగితం మీద పెట్టేసరికి ఒక సీసా, దాని మీద ఎవరూ అతికించని ఒక చీటీ మిగిలాయి. మహాకావ్యం ఆశించిన వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్లకు సీసా సంగతి చెబుతాను.

1967 జూలై. అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వెళ్లే సందుల్లో ఒకదానిలో మా కాలేజీ ఉండేది. పేరు చెప్పను, వాళ్లు ఇంకా నాకు జీతం ఇస్తున్నారు. మేడ మీద ఆర్ట్స్, కింద సైన్స్. యాసిడ్ పైనుంచి కిందికి కారకూడదని అలా పెట్టారట. ఆ కట్టడంలో ముందుచూపుతో చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

నేను కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ని. అప్పటికి ఇరవై రెండేళ్లు. అటెండర్ అంటే గంట కొట్టేవాడని మా మేనమామ ఇప్పటికీ అనుకుంటాడు. కాదు. పిల్లలు రాకముందే బల్లల మీద టెస్ట్ ట్యూబులు సర్దాలి. స్పిరిట్ దీపాలు నింపాలి. రీఏజెంట్లు కలపాలి. రీఏజెంటు అంటే పరీక్ష చేయడానికి వాడే ద్రావణం; బల్ల మధ్య చెక్క అరలో గాజు మూతల సీసాల్లో వరసగా ఉంటాయి. పిల్లలు వెళ్లాక పగిలినవి లెక్కపెట్టి, పగలగొట్టినవాడు ఎవడో తెలిసినా తెలియనట్టు ఉండాలి. చదువు సంగతికొస్తే, నేనూ పీయూసీ వెలగబెట్టినవాణ్నే. స్కూలు దాటాక కాలేజీలో మొదటి ఏడాది అది. రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పడానికి ఓపిక చాలక ఉద్యోగంలో చేరాను.

నాకు పని నేర్పింది రజాక్ సాబ్. ముప్ఫై ఏళ్లు ఆ ల్యాబ్‌లో ఉండి, ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. తాళాలు నా చేతిలో పెట్టి, ఒక సీసా మీద చెయ్యి వేసి, "రోజ్ కా రోజ్ బనావ్, బేటా. రఖ్‌నా నై" అన్నాడు. ఏ రోజుది ఆ రోజే చేసుకో, నిల్వ పెట్టకు అని. నేను దాన్ని వేదాంతం అనుకున్నాను. రిటైరయ్యే మనిషి జీవితం గురించి నాలుగు మాటలు చెప్పడం సహజమే కదా అని తల ఊపాను. ఆయన చెయ్యి ఏ సీసా మీద ఉందో చూడలేదు.

జూలై రెండో వారంలో పీయూసీ వాళ్లకు మొదటి ప్రాక్టికల్. అందరూ లోపలికి వచ్చి స్టూళ్లు లాక్కుంటుంటే ఒక అమ్మాయి గుమ్మం బయట ఆగి చెప్పులు విడుస్తోంది. తెల్ల ఓణీ, నూనె పెట్టి బిగించి అల్లిన జడ, చేతిలో అట్ట వేసిన కొత్త రికార్డు.

"చెప్పులేసుకో అమ్మా," అన్నాను. "ఇది గుడి కాదు. ఈడ కింద ఒలికేది తీర్థం గూడ కాదు."

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు, ఏడవనూ లేదు. "మా నాయిన దవాఖానల మందుల గదికి చెప్పులతోని రానియ్యడు," అని చెప్పి, మళ్లీ వేసుకుని లోపలికి వచ్చింది. పేరు ఎస్తేరు. మెదక్ దగ్గర ఒక మిషన్ దవాఖానలో తండ్రి కాంపౌండరు. నాంపల్లిలో చర్చి వాళ్ల హాస్టల్లో ఉంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇక్కడ లెక్చర్లన్నీ ఇంగ్లీషు.

మొదటి వారం క్లాసులో ఏం అర్థమైందని ఒకరోజు అడిగాను. కాసేపు నిజాయితీగా ఆలోచించి, "సైలెన్స్ అన్నది అర్థమైందన్నా. నెక్స్ట్ అన్నది గూడ," అంది. నేను పీయూసీలో ఉన్నప్పుడు అంతకంటే ఒక్క మాట ఎక్కువ అర్థమైనట్టు గుర్తు లేదు. కాకపోతే నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అర్థమైనవాడిలా తల ఊపడం మాత్రం వారంలో నేర్చుకున్నాను. కాలేజీకి అలవాటు పడటం అంటే అదే అనుకునేవాళ్లం అప్పట్లో.

ఈ పిల్లకు తల ఊపడం రాలేదు. వినబడిన ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకుని, ప్రాక్టికల్ అయ్యాక నా దగ్గరికి వచ్చేది.

"అన్నా, డీకాంట్ అంటే ఏంది?"

"మన ఇంట్ల అన్నం గంజి వంచుతరు గద. గదే. కిందిది కదలకుండ పైది వంచుడు."

"గింతేనా? సారు దాన్ని పావుగంట చెప్పిన్రు."

"ఆయన ఎమ్మెస్సీ. పావుగంట చెప్పకుంటే బాగుండదు."

ఇలా నేను కొన్నాళ్లు లెక్చరర్ హోదా అనుభవించాను. జీతం మాత్రం అటెండరుదే వచ్చేది.

ఊరికి కూడా ఆమె అలాగే అలవాటు పడింది. మొదటి నెలలో అబిడ్స్ రోడ్డు దాటడానికి ఎవరైనా ముసలివాళ్లు దాటేదాకా ఆగి, వాళ్ల వెనకాల దాటేదట. "ముసలోళ్లను చూసి బస్సు ఆగుతది గదన్నా," అంది. ఆగస్టు వచ్చేసరికి ముసలివాళ్లు ఈమె కోసం ఆగి, ఈమె వెనకాల దాటుతుండటం నేను కళ్లారా చూశాను.

ఇక రికార్డు గురించి చెప్పాలి. రికార్డు అంటే ప్రాక్టికల్ పుస్తకం. ప్రతి పేజీలో మూడు గళ్లు: ఏం చేశాం, ఏం కనబడింది, దానివల్ల ఏం తేలింది. ప్రతి ప్రయోగం కింద లెక్చరర్ సంతకం పడాలి. అన్ని సంతకాలూ లేకపోతే క్వార్టర్లీ ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇక్కడ మా కాలేజీ ఆచారం ఒకటి ఉంది. రికార్డు రాయడానికి ల్యాబ్‌కు రానక్కర్లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలతో పాటు పాస్ అయిన సీనియర్ల రికార్డులు కూడా దొరికేవి. ఒకటి తెచ్చుకుంటే క్లాసంతా తిప్పి రాసుకోవచ్చు. ఏం కనబడిందన్న గడిలో మూడేళ్ల కిందట ఎవరికి ఏం కనబడిందో అదే వీళ్లకూ కనబడేది. ఇందులో మోసం చేస్తున్నామని ఎవరూ అనుకోలేదు. పెళ్లి శుభలేఖలో తేదీ మార్చి మిగతాది అలాగే ఉంచుతాం కదా, అంత సహజంగా రాసేవాళ్లు. నా రికార్డూ అలా పుట్టిందే.

ఆగస్టు మొదటి వారంలో నైట్రేట్ పరీక్ష వచ్చింది. దీన్ని బ్రౌన్ రింగ్ టెస్ట్ అంటారు. ఇచ్చిన ఉప్పు నైట్రేట్ అవునో కాదో తేల్చడానికి, దాని ద్రావణంలో ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి, టెస్ట్ ట్యూబును వాల్చి పట్టుకుని, గోడ వెంబడి చుక్కచుక్కగా గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ వదలాలి. యాసిడ్ బరువు కాబట్టి అడుక్కు దిగుతుంది. రెండూ కలిసేచోట గోధుమ రంగు వలయం కడుతుంది. తొందరపడి పోస్తే వలయం చెదిరిపోతుంది. అందుకని ఇది చెయ్యి నిలకడకు పరీక్ష అని పేరు. ఉప్పు ఏం పెద్దది కాదు, మన సూరేకారమే.

క్లాసంతా రాశారు: బ్రౌన్ రింగ్ వచ్చింది. ప్రభాకర్ అని ఒక కుర్రాడు, అబిడ్స్‌లో బట్టల దుకాణం వాళ్ల అబ్బాయి, ఎదుటి పేజీలో బొమ్మ కూడా వేశాడు. గోధుమ రంగు పెన్సిల్ దొరక్క అగ్గిపుల్లతో బూటు పాలిష్ రాశాడు. చాలా అందంగా వచ్చింది, కొంచెం వాసన వేసింది.

ఎస్తేరు మాత్రం ఇంగ్లీషులో ఇలా రాసింది: "నో రింగ్. ఐ వెయిటెడ్. స్టిల్ నో రింగ్."

లెక్చరర్ మూర్తి సారు. గుంటూరు వైపు ఆయన. కొత్తగా వచ్చాడు, అదే ఆయనకూ మా కాలేజీలో మొదటి టర్మ్. మంచివాడే. అరవై మంది రికార్డులు దిద్దేవాడికి అరవై టెస్ట్ ట్యూబుల్లోకి తొంగిచూసే తీరిక ఉండదు.

"ఏవమ్మా, అందరికీ వచ్చిన రింగు నీకెందుకు రాలేదూ?" అన్నాడు.

"తెల్వది సార్."

"చెయ్యి వణికిస్తే ఎలా వస్తుంది? నిదానంగా పొయ్యాలి. మళ్లీ చెయ్యి." పేజీ కింద ఎర్ర సిరాతో "కేర్‌లెస్, రిపీట్" అని రాశాడు.

మళ్లీ చేసింది. రాలేదు. రాలేదనే రాసింది. "కేర్‌లెస్, రిపీట్." మూడోసారి కూడా అంతే. క్లాసు క్లోరైడు దాటి, కార్బొనేట్ దాటి, సల్ఫైడు దగ్గర ముక్కులు మూసుకుంది. వాటన్నిటికీ ఈమెకు సంతకాలు పడ్డాయి. నైట్రేట్ పేజీ ఒక్కటే ఎర్రగా మిగిలింది.

కుర్రాళ్లకు ఆటవిడుపు దొరికింది. ఆమె లోపలికి రాగానే వెనక బల్ల నుంచి "స్టిల్ నో రింగ్!" అని రాగం తీసేవాళ్లు. ఒకరోజు ప్రభాకర్, "ఏంది ఎస్తేరమ్మా, ఇయ్యాలన్న వచ్చిందా?" అన్నాడు.

"నాకు రాలే," అంది ఆమె, ట్యూబు కడుక్కుంటూ. "నీకు వచ్చింది గద. జర ఒకపారి చేసి చూపియ్యి, నేర్చుకుంట."

ప్రభాకర్‌కు అప్పుడే ఏదో పని గుర్తొచ్చింది.

ఆమె మాత్రం తప్పు తన చేతిదే అని నమ్మింది. సారు చెప్పారు కదా. రోజూ పొద్దున హాస్టల్ నల్లా దగ్గర గాజు సీసాలో ఉప్పు నీళ్లు, దాని మీద సిరా కలిపిన మంచినీళ్లు, రెండూ కలవకుండా పోయడం సాధన చేసిందట. సిరా ఖర్చవుతోందని వార్డెనమ్మ కోప్పడితే టీ నీళ్లతో చేసింది. నెల తిరిగేసరికి ఆ చెయ్యి ఎలా తయారైందంటే, గోడ వెంబడి యాసిడ్ దిగుతుంటే దిగుతున్నట్టే తెలిసేది కాదు. నేను ల్యాబ్‌లో చాలామంది చేతులు చూశాను, ఎమ్మెస్సీ చేతులతో సహా. అంత నిలకడ ఎక్కడా చూడలేదు. అంతా చేసి రింగు మాత్రం రాలేదు.

సెప్టెంబరులో ఒక సోమవారం మూర్తి సారు తేల్చి చెప్పాడు. "చూడమ్మా, శనివారంతో సంతకాలు బంద్. ఆ పేజీ పూర్తి కాకపోతే నిన్ను పరీక్షకు పంపలేను. ఎవరి రికార్డన్నా తీసుకుని ఎలా రాయాలో చూసుకో." ఆయన దయతోనే అన్నాడు. ప్రభాకర్ కూడా దయతోనే తన రికార్డు ఇవ్వబోయాడు, బూటు పాలిష్‌తో సహా.

ఆమె తీసుకోలేదు. నేనూ నచ్చజెప్పాను. "రాసెయ్యరాదూ చెల్లె. ఒక్క మాట. దాని తోని ఎవరికేం నష్టం?"

"నాకు కనబడంది ఎట్ల రాస్తనన్నా? మా నాయిన జ్వరం చూడకుండ చీటీల నూటొకటి అని రాస్తే ఏమైతది?"

"మనిషి పోతడు. కని గీడ పోయేటోడు ఎవడు లేడు గద. ఉన్నది సూరేకారం."

"అలవాటైతది గదన్నా," అంది.

నేను స్పిరిట్ దీపాలకు మూతలు పెట్టే పనిలో పడ్డాను.

గురువారం సాయంత్రం ప్రాక్టికల్ అయ్యాక తన దగ్గరున్న సామాన్లు అప్పజెప్పడానికి వచ్చింది. రెండు బీకర్లు, పన్నెండు ట్యూబులు, ఒక పట్టకారు. ఒక్కటీ పగల్లేదు.

"ఏంది, అన్ని తెచ్చినవ్?"

"పోతున్ననన్నా. నాయినకు పోస్టు కారటు రాసిన, శనివారం రమ్మని. పెట్టె సర్దిన. మా దవాఖానల నర్సు ట్రైనింగుకు సీటుందట." పట్టకారు నా వైపు జరిపి, "నాకు సైన్సు అచ్చి రాలే. చెయ్యి మంచిది కాదు," అంది.

సినిమా అయితే ఇక్కడ వాన పడాలి. పడలేదు. నల్లా కారుతోంది అంతే, దాని వాషరు పోయి నెలయింది. ఆమె ట్యూబులు ఒక్కొక్కటీ కడిగి బోర్లిస్తూ, బల్ల మధ్య అర వైపు చూసింది.

"అన్నా, గీ సీసల మీద తారీఖులు లేవేంది?"

"మేం వీటికి పుట్టినరోజులు చెయ్యం."

"కాదన్నా. మా నాయిన ఏ మందు కలిపినా చీటీ మీద తారీఖు రాస్తడు. తారీఖు లేకుంటే సీస బైట పారపోస్తడు, అండ్ల ఏమున్నా సరే." ఆమె వేలు ఒక సీసా దగ్గర ఆగింది. ఇరానీ చాయ్ రంగులో ఉన్న ద్రావణం, అడుగున తుప్పు మడ్డి. "గిది ఎప్పుడు కలిపిన్రు?"

అది ఫెర్రస్ సల్ఫేట్.

"మొన్న," అన్నాను.

అబద్ధం. ఆ పెద్ద సీసాడు ద్రావణం నేను జూన్‌లో కలిపాను, కాలేజీ తెరవకముందే, ఏడాదికి సరిపడా. రోజూ కలిపే బాధ లేకుండా ఒక్కసారే పని ముగించానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. అయిపోయినప్పుడల్లా అందులోంచే చిన్న సీసాలు నింపేవాణ్ని.

ఆమె వెళ్లాక బీరువాలోంచి ల్యాబ్ మాన్యువల్ తీశాను. ప్రయోగాలు ఎలా చేయాలో చెప్పే పుస్తకం అది. బ్రౌన్ రింగ్ పేజీ తిప్పితే మొదటి వాక్యంలోనే ఉంది: ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు కలిపినదై ఉండాలి. గాలి తగిలి నిల్వ ఉంటే లేత ఆకుపచ్చది కాస్తా తుప్పు రంగుకు మారుతుంది. మారిందా, రింగు రాదు. ఎంత నిలకడైన చెయ్యి పోసినా రాదు. ఆ పేజీ నేను రెండుసార్లు పరీక్షకు చదివాను. చదివాననే చెప్పుకున్నాను.

రజాక్ సాబ్ చెయ్యి ఏ సీసా మీద ఉందో అప్పుడు గుర్తొచ్చింది. ఆ మహానుభావుడు జీవితం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున అందరికంటే ముందు వెళ్లి కొత్తగా కలిపాను. లేత ఆకుపచ్చ, నీళ్లలో తమలపాకు నీడ పడినట్టు. సూరేకారం వేసి నేనే చేసి చూశాను. నా చెయ్యి వణికింది కూడా. అయినా వచ్చింది. రెండు ద్రావణాల నడుమ సన్నగా, గుండ్రంగా, చాకొలెట్ రంగులో. పీయూసీ రెండుసార్లు చదివి, ఆ ల్యాబ్‌లోనే ఉద్యోగం చేస్తూ, బ్రౌన్ రింగ్ కళ్లతో చూడటం నాకదే మొదటిసారి. నా రికార్డులో మాత్రం ఎప్పుడో వచ్చేసింది.

నా పథకం చాలా సులువు. పాత సీసా కిందికి దించేసి కొత్తది పెడతాను. ఆమెను పిలుస్తాను. రింగు వస్తుంది, సంతకం పడుతుంది, పెట్టె విప్పుకుంటుంది, నా ఉద్యోగం నాకుంటుంది. అందరూ సుఖంగా ఉంటారు. ఇలాంటి పథకాల్లో లోపం ఎక్కడుంటుందో నాకు తెలిసి ఉండాల్సింది. అవతల ఉన్నది ఎస్తేరు.

మధ్యాహ్నం పిలిచాను. "ఒక్కపారి చెయ్యి. ఆఖరిపారి."

చేసింది. యాసిడ్ దిగింది. రింగు కట్టింది, గీత గీసినట్టు. నేను చూసిన వాటిలో అంత చక్కటిది ఇప్పటికీ లేదు, ఎందుకంటే అంత సాధన చేసిన చెయ్యి లేదు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అయినా గంతులెయ్యలేదు. ట్యూబును వెలుతురుకు పెట్టి చూసి, తర్వాత సీసా చూసింది.

"రంగు మారింది."

"ఆఁ... ఎండ పడింది."

"అన్నా," అంది. అంతే. ఆ ఒక్క మాటకు నేను సింకు కింద దాచిన పాత సీసా తీసి బల్ల మీద పెట్టాను. జూన్ సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె పాత దానితో ఒకసారి, కొత్త దానితో ఒకసారి మళ్లీ చేసింది. తర్వాత కూర్చుని రికార్డు తెరిచి, తనకు వచ్చిన ఇంగ్లీషులో రాసింది: "న్యూ బాటిల్, రింగ్ కేమ్. ఓల్డ్ బాటిల్, నో రింగ్. సేమ్ సాల్ట్. సేమ్ హ్యాండ్."

సేమ్ హ్యాండ్ అన్నచోట పెన్ను కొంచెం గట్టిగా నొక్కింది.

కలం మూత పెట్టి అప్పుడడిగింది. "గిది సారు చదివితే నీకేమన్న ఐతదా?"

"ఏమైతది. నాది టెంపరరీ. పొమ్మంటరు."

రికార్డు మూసి దగ్గరికి లాక్కుంది. "రాసింది కొట్టెయ్యలేనన్నా. కని ఒకటి. నా పుస్తకంల చదివి తెలుసుకునుడు కంటె, నువ్వే ముందుగాల సారుకు చెప్తే మంచిగుంటది. శనివారం నేను పదకొండుకు ఇస్త. నువ్వు పదింటికే పో."

నాకంటే ఆరేళ్లు చిన్నది. రెండు నెలల కింద రోడ్డు దాటడానికి ముసలివాళ్ల కోసం ఆగిన పిల్ల. ఇప్పుడు నా పరువుకు గంట టైము లెక్కగట్టి ఇస్తోంది.

శనివారం పదింటికి మూర్తి సారు గదికి వెళ్లాను. రాజీనామా ఘట్టంలా మాట్లాడాలని రాత్రే మాటలు కూర్చుకున్నాను. "సార్, ఒక అమాయకురాలి భవిష్యత్తు..." అని మొదలుపెట్టేసరికి, "విషయం చెప్పవయ్యా," అన్నాడు. చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, "ఆ పాత సీసా ఉందా, పారబోశావా?" అన్నాడు.

"ఉంది సార్."

"బల్ల మీద పెట్టు. కొత్తది తీసెయ్."

పదకొండుకు క్లాసు వచ్చింది. ఎస్తేరు వెళ్లి తన రికార్డు సారు బల్ల మీద పెట్టింది. సారు దాన్ని తెరవలేదు. అందరితో నైట్రేట్ మళ్లీ చెయ్యమన్నాడు. పది నిమిషాలయ్యాక, "ఎవరికి వచ్చింది?" అని అడిగాడు. అరవై ట్యూబుల్లో ఒక్క దాంట్లోనూ రింగు లేదు. దాదాపు అరవై చేతులు లేచాయి. ఎస్తేరు చెయ్యి లేవలేదు.

సారు ప్రభాకర్ దగ్గరికి వెళ్లాడు. "వచ్చిందా?"

"వచ్చింది సార్. బ్రౌన్ రింగ్."

సారు వంగి ట్యూబులోకి చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు. "ఎక్కడా?"

"గిప్పుడే... వస్తది సార్."

సారు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు కోపం వచ్చిందేమోననుకున్నాను. ఆయన ముందు రికార్డుల దొంతర ఉంది, ఎస్తేరుది తప్ప అన్నిటిలో బ్రౌన్ రింగ్, అన్నిటి కింద తన సంతకం. వాటిని చూసి, పైన ఉన్న ఎస్తేరు రికార్డు తెరిచాడు. చివరి పేజీ చదివాడు. వెనక్కి తిప్పి, తను ఎర్ర సిరాతో రాసిన "కేర్‌లెస్, రిపీట్" మూడుచోట్లా తనే కొట్టేశాడు. కొట్టేసిన ప్రతిచోటా చిన్న సంతకం చేసి తారీఖు వేశాడు. ఒక లెక్చరర్ తన మాట తనే కొట్టేసుకుని కింద సంతకం పెట్టడం నా సర్వీసులో అదే మొదలు, ఇప్పటిదాకా అదే చివర.

"చెయ్యి నీది కాదమ్మా వణికింది," అన్నాడు. "నాది."

తర్వాత మిగతావాళ్లందరి నైట్రేట్ పేజీలూ అడ్డంగా కొట్టేసి, కొత్త సీసా పెట్టించి, మళ్లీ చేయించాడు. ఆ రోజు వెనక బల్ల రాగం తీయలేదు. ఎస్తేరు బల్ల బల్లకూ తిరిగి యాసిడ్ ఎలా వదలాలో చూపించింది. ప్రభాకర్ చెయ్యి పట్టుకుని మరీ వాల్చింది. "మెల్లగ పొయ్యి. గంజి వంచినట్టు," అంది.

నేను గుమ్మం దగ్గర ఆగి సారును అడిగాను. "నా ఉద్యోగం సంగతి సార్?"

"నువ్వు పోతే ఇంకొకడు వస్తాడు. వాడికీ మొదట్నుంచీ ఇదంతా జరగాలి. ఆ ఓపిక నాకు లేదు. వెళ్లి సీసాలన్నిటికీ తారీఖులు రాయి."

రాస్తుండగా వచ్చాడు ఎస్తేరు తండ్రి. సన్నటి మనిషి, తెల్ల ధోవతి, చంకలో గొడుగు, చేతిలో పెట్టె కట్టడానికి చుట్టగా చుట్టిన నారతాడు. గుమ్మం బయట చెప్పులు విడవబోతుంటే నేను ఆపాను.

"పెట్టె యాడ ఉన్నది బిడ్డా?" అన్నాడు.

"నేను రాను నాయినా."

"కారటు రాసినవ్ గద."

"ఇంకోటి రాస్తుంటి. నువ్వు దానికంటె ముందే వచ్చినవ్." రికార్డు తెరిచి చూపించింది. ఆయన మూడు కొట్టివేతలూ, సంతకాలూ, తారీఖులూ నిదానంగా చదివాడు. ఇంగ్లీషు ఎంత తెలుసో గాని, తారీఖులు తెలుసు. తాడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కళ్లు తుడుచుకుంటాడేమోనని నేను అటు తిరిగి సీసాలు సర్దుతున్నట్టు నటించాను. ఆయన నా పక్కకు వచ్చి, నేను అప్పుడే అతికించిన చీటీలు వరసగా చూశాడు. నన్ను మెచ్చుకుంటాడని కాస్త నిటారుగా నిలబడ్డాను.

"సిరతోని రాయకున్రి బాబూ," అన్నాడు. "యాసిడ్ తడి తగిల్తే పోతది. పెన్సిల్‌తోని రాయున్రి."

అంతే. ఇద్దరూ ఐస్‌క్రీంకు పేరుపడ్డ మొజంజాహీ మార్కెట్ వైపు నడిచివెళ్లారు. తర్వాత తెలిసింది, ఆయన ఐస్‌క్రీం తినడం అదే మొదటిసారట. చల్లదనానికి పళ్లు జివ్వుమంటే మధ్యలో వదిలేశాడట. తాడు మాత్రం అలాగే చుట్టగా మెదక్ బస్సెక్కింది.

ఎస్తేరు క్వార్టర్లీ రాసింది, ఆ ఏడు పాసైంది, తర్వాత బీఎస్సీ చేసింది. ఇప్పుడు ఒక దవాఖానలో రక్త పరీక్షలు చూస్తోందని విన్నాను. ఆ దవాఖానకు వెళ్లేవాళ్ల అదృష్టం. కొత్త చోటికి వచ్చినవాళ్లంతా ఆ చోటును చూసి తలూపడం నేర్చుకుంటారు. నేను నేర్చుకున్నాను, ప్రభాకర్ నేర్చుకున్నాడు, అన్ని పేజీల మీద సంతకం పెట్టి సారూ నేర్చుకున్నాడు. ఈ ఒక్క పిల్ల మొదటి టర్మ్‌లో ఇంగ్లీషు నేర్చుకుంది, రోడ్డు దాటడం నేర్చుకుంది, లేని తప్పు దిద్దుకోబోయి చేతిని బంగారం చేసుకుంది, తలూపడం ఒక్కటి నేర్చుకోలేదు. నేను చాలామంది తెలివైనవాళ్లకు సామాన్లు అందించాను. లేచి నిలబడి అందించాలనిపించింది ఆమెకే.

నేను ఇప్పుడు అదే ల్యాబ్‌లో పర్మనెంటు. కొత్తగా చేరే అటెండర్లు ఈ కథంతా విని, దీనివల్ల తెలుసుకోవాల్సింది ఏమిటని అడుగుతారు. ఏమీ లేదు. ఫెర్రస్ సల్ఫేట్ ఏ రోజుది ఆ రోజే కలపాలి. మిగిలింది సాయంత్రం సింకులో పోసి వెంటనే నల్లా విప్పాలి. లేకపోతే పసుపు మరక పడుతుంది, అది గోకినా పోదు.